అరవై సీసాల అరిష్టం

చట్టం దృష్టిలో మా కుటుంబం నేరస్థుల కుటుంబంగా జీవించిన కాలం, మొదటి మూత బిగించిన శుక్రవారం నుంచి లెక్కిస్తే, తొలి విడతగా నలభై ఐదు రోజులు. ఆ నలభై ఐదు రోజులూ నేను సంధ్య వార్చాను, కళాశాల జవాబు పత్రాలు దిద్దాను. మా అమ్మ ఆండాళ్ ఒక్క ఏకాదశి ఉపవాసమూ తప్పలేదు, ఒక్క పూటా మడి విడవలేదు. మా ఇంటి నేల కింద మాత్రం అరవై సీసాల బీరు యోగనిద్రలో ఉండేది.

ఇది మొన్నటి సార్వత్రిక ఎన్నికల వేసవి సంగతి. ఆ ఏడు ప్రొద్దుటూరులో ఎండకూ ఎన్నికలకూ పోటీ జరిగింది. ఫలితాలు జూన్ నాలుగున వచ్చినా, ఆ పోటీలో ఎవరు గెలిచారో నేను ఇప్పటికీ చెప్పలేను.

మా తమ్ముడు గిరీష్ ఫిబ్రవరి చివర బెంగుళూరు నుంచి రెండు పెట్టెలతో దిగాడు. ఒకదానిలో బట్టలు. రెండోదానిలో ఉష్ణమాపకాలు, రబ్బరు గొట్టాలు, హాప్స్ అనే చేదు ఎండుపూల పొట్లాలు. అతడు పనిచేస్తున్న బీరు కంపెనీ మూతపడింది. ఈ వాక్యంలోని 'బీరు' అన్న మాట మా ఇంట్లో అమ్మకు తప్ప అందరికీ తెలుసు. అమ్మకు తెలిసినంతవరకు చిన్న కొడుకుది మాల్టు కంపెనీ. ఆ మాటను ఆమె రాగి మాల్టుగా గ్రహించి, తొమ్మిదేళ్లుగా బంధువుల పెళ్లిళ్లలో "మా చిన్నోడు పిల్లోళ్లు బలానికి తాగేది చేస్తాడు" అని సగర్వంగా చెబుతూ వచ్చింది. ఆ మాటను ఖండించవలసిన అవసరం మాలో ఎవరికీ కనిపించలేదు.

వచ్చిన మూడో రోజు మిద్దె మీద, అమ్మ వినదని రూఢి చేసుకున్నాక, గిరీష్ తన పరిస్థితిని నాకూ నా భార్య శ్రీలేఖకూ వివరించాడు.

"ఆరు సీసాలన్నా. నేను సొంతంగా చేసింది, ఆరు వారాలు సీసాలోనే ఊరింది. మే ఆఖర్లో తీసుకొనిపోయి బెంగుళూర్లో కొత్త బీరు కంపెనీ ఒకటుంది, దాని ఆయన ముందర పెట్టల్ల. ఆయనకు నచ్చితే బీరు చేసేదానికి పెద్ద నేనే."

"నచ్చకుంటే?"

"నచ్చకుంటే నువ్వు చూసినావు గదా, ఆ ఉద్యోగమే."

నేను చూసిన ఉద్యోగం మా ఊరి ప్రైవేటు బడిలో గుమాస్తాగిరి. జూన్‌లో బడులు తెరిచే రోజున చేరాలి. కరస్పాండెంటుకు మాట కూడా ఇచ్చేశాను. ముప్పై మూడేళ్ల మనిషి, చేతిలో విద్య ఉన్నవాడు, కిటికీ వెనుక కూర్చుని బదిలీ సర్టిఫికెట్లకు ముద్రలు వేయడం నాకూ ఇష్టం లేదు. అయినా అన్న అన్నవాడు తమ్ముడికి ఇష్టం లేని ఉద్యోగాలు చూసిపెట్టడానికే పుడతాడు.

"ఊరబెట్టేది సరే. ఈ ఎండలకు యాడ ఊరబెడతావు?" అని అడిగింది శ్రీలేఖ. "మనమే ఉడికిపోతాంటిమి."

ప్రశ్న న్యాయమైనది. సీసాలో బీరు పరిపక్వం కావడానికి నాలుగు నియమాలున్నాయని గిరీష్ చెప్పాడు: నిటారుగా ఉండాలి, చీకట్లో ఉండాలి, చల్లగా ఉండాలి, ఎవరూ కదిలించకూడదు. ఇవి పీఠాధిపతులకు చెప్పిన నియమాలవలె నాకు తోచాయి. ప్రొద్దుటూరులో ఏప్రిల్ నెలలో నిటారుగా ఉండటమే కష్టం, తక్కినవి ఆ తరువాతి మాట.

అప్పుడు నాకు పాతర గుర్తుకు వచ్చింది. మా తాతగారికి ఆలయ కైంకర్యానికి సంభావనగా జొన్నలు వచ్చే రోజుల్లో వెనుక వసారాలో తవ్వించిన నేలగది అది. పన్నెండడుగుల లోతు, కుండ ఆకారం, మూతికి జమ్మలమడుగు నాపరాయి. జొన్నలు రావడం ఆగిపోయి యాభై ఏళ్లయింది. గిరీష్ నాపరాయిని పక్కకు జరిపి, ముందు ఆచారం ప్రకారం దీపం దించి చూశాడు. పాతరలో చెడుగాలి ఉంటే దీపం ఆరుతుంది. దీపం ఆరిన చోటికి మనిషి దిగడు. దీపం వెలుగుతూనే ఉంది. తరువాత దారానికి ఉష్ణమాపకం కట్టి దించాడు. పైన నలభై ఒకటి, కింద ఇరవై ఆరు. ఆ అంకె చదివినప్పుడు అతడి ముఖం గర్భగుడిలో హారతి కళ్లకద్దుకున్నవాడి ముఖంలా ఉంది.

*

లింగాల నుంచి తెప్పించిన కొర్రలను గిరీష్ మిద్దె మీద తడి గోనెల్లో మొలకెత్తించి, ఆరబెట్టి, నల్లగా వేయించాడు. అంతవరకు అమ్మ ఆనందానికి అవధుల్లేవు. కొడుకు కళ్లముందే మాల్టు చేస్తున్నాడు. పెరట్లో పెళ్లిళ్ల గుండిగ పొయ్యి మీదికి ఎక్కి, అందులో హాప్స్ పడ్డాకనే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింటి గడప దాటి వచ్చింది.

"ఇదేందిరా, వేపచెక్క కషాయం మాదిరి నాతాంది. ఒరే కౌండిన్యా, వీడు మాల్టు అంటాండాడు. మాల్టుకు ఈ చేదేంది? దీన్ని మళ్ల పులియబెట్టేదేంది?"

గిరీష్ నా వైపు చూశాడు. శ్రీలేఖ నా వైపు చూసింది. ఇరవై రెండేళ్లుగా సంస్కృతం చెప్పి జీతం తీసుకుంటున్నవాడిని, ఇటువంటి ఘడియలో నా శాస్త్రం నన్ను ఆదుకోకపోతే ఇంకెప్పుడు ఆదుకుంటుంది?

"ఇది అరిష్టమమ్మా" అన్నాను.

అరిష్టమంటే లోకవ్యవహారంలో కీడు. ఆయుర్వేదంలో మాత్రం ద్రవ్యాన్ని నీళ్లలో కాచి, ఆ కషాయాన్ని పులియబెట్టి, పాత్రలో మూసి, చీకట్లో ఊరబెట్టిన ఔషధం. బీరుకు ఈ నిర్వచనంలో ఒక్క అక్షరమూ అడ్డు రాదు. నేను అబద్ధమాడలేదు. నిజానికి పట్టుపంచె కట్టాను, అంతే.

అమ్మ కొంగు కిందికి దించింది. "అట్లా చెప్పు. అరిష్టం నాకు తెలీదా? మీ నాయనకు ఎన్నేండ్లు పోసినాను." గుండిగలోకి తొంగి చూసి, తల పంకించి, "ఇంగా శానా కాగల్ల" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

ఆ పూట నా పాండిత్యానికి నేనే ముగ్ధుడినై, రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

*

సీసాల్లో నింపిన రోజు రంజాన్ పండుగ మరునాటి శుక్రవారం. పాత సామాన్ల అంగడి నుంచి తెచ్చిన అరవై సీసాలను అమ్మ మూడుసార్లు పసుపు నీళ్లతో కడిగించింది. గిరీష్ ఒక్కొక్క సీసాలో కొలిచిన చక్కెర నీళ్లు పోసి, దానిపైన బీరు నింపాడు. ఆ కొలిచిన చక్కెరే సీసాలో రెండోసారి పులిసి నురగ పుట్టిస్తుందట. తగ్గితే చప్పగా ఉంటుంది. ఎక్కువైతే ఏమవుతుందో ఆ రోజు అతడు చెప్పలేదు, నేను అడగలేదు.

మూతలు బిగించే యంత్రం మా వీధి చివర సోడాలు చేసే అలీ అహ్మద్ దగ్గర ఉంది. ముప్పై ఏళ్లుగా జమ్మలమడుగు దాకా అతడి సోడాలే పోతున్నాయి. గిరీష్ అతడికి ఉన్నదున్నట్టు చెప్పాడు. అలీ అహ్మద్ గడ్డం నిమురుకుంటూ విన్నాడు.

"నేను దాన్ని నాలుక మీద పెట్టను. వాసన చూడను. మూత ఏసేదొకటే నా పని. మూత కిందుండేది మీది, మూత మీదుండేది నాది. నమాజు చేసుకోని మధ్యాన్నం వస్తా సామీ."

యంత్రం బరువైనది కనుక, దాన్ని ఆటోలో ఎక్కించడానికి అన్నదమ్ములమిద్దరం అతడి అంగడికి వెళ్లాము. మూతలు లేని అరవై సీసాలు వసారాలో పది వరుసలుగా, తడిబట్ట కింద నిలబడి ఉన్నాయి. మేము తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అమ్మ పీట మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. ఎవరికీ చెప్పకుండా ఒక పుణ్యకార్యం చేసినవారి ముఖంలో ఉండే ప్రశాంతత ఆమె ముఖంలో ఉంది. దాన్ని నేను వయసుకు సహజమైన తేజస్సుగా భావించాను.

సాయంత్రానికి అలీ అహ్మద్ అరవై మూతలూ బిగించాడు. బుట్టల్లో పెట్టి, తాళ్లతో పాతరలోకి దించాము. గిరీష్ నాపరాయి మూసి, దానిమీద ఒక నిమిషం అరచేయి ఆనించి నిలబడ్డాడు.

*

ఆ తరువాత మూడు వారాలు ఊరంతా మైకులు అరిచాయి. ఎన్నికల నియమావళి అమలులో ఉంది కనుక పోలీసులు ప్రతి వాహనాన్నీ ఆపి రెండే వస్తువుల కోసం వెతికేవారు: సారాయి, నాటుబాంబులు. మా ఇంట్లో ఆ రెంటికీ మధ్యస్థంగా ఉన్న ఒక పదార్థం తయారవుతోందని వాళ్లకు తెలియదు. మాకూ తెలియదు.

ఇరవై నాలుగో రోజు ఆదివారం, మిట్టమధ్యాహ్నం. బయట నలభై నాలుగు డిగ్రీలు. నేను విస్తరి ముందు కూర్చుని మజ్జిగలో అన్నం కలుపుతున్నాను. నేల కింద 'ధన్' మని మోగింది. విస్తరి కదిలింది. కుండ ఆకారపు పాతర ఆ చప్పుడును పదింతలు చేసి వీధిలోకి వదిలింది. రెండోది. కాస్త ఆగి మూడోది.

మా ప్రాంతంలో ఆ చప్పుడు వినిపిస్తే మనుషులు ముందు పడుకుంటారు, తరువాత ఆలోచిస్తారు. నేను కిటికీలోంచి చూసేసరికి వీధిలో నిలబడి ఉన్నవి కరెంటు స్తంభాలు మాత్రమే. ఎదురింటివారు తలుపులు వేసుకున్నారు. ఇస్త్రీ బండి కింద ఇద్దరు, వారిలో ఒకడు పార్టీ కార్యకర్త, జెండాతో సహా ఉన్నారు. ఎనిమిది నిమిషాల్లో పోలీసు జీపు వచ్చింది. ఎన్నికల పనిమీద పులివెందుల నుంచి వచ్చిన ఎస్సై దిగింది. దిగి, నన్ను చూసి, టోపీ సర్దుకుంది.

"నమస్తే సార్. గుర్తుపట్టినారా? నందిని. ఇంటర్ బైపీసీ. సంస్కృతంలో తొంభై ఎనిమిది."

మా రాష్ట్రంలో సంస్కృతం రానివారికి తొంభై ఎనిమిది వస్తాయి. కొద్దిగా వచ్చినవారికి తొంభై వస్తాయి. నాలాంటివారు రాస్తే ఉత్తీర్ణులు కావడం అనుమానమే. "బాగున్నావా తల్లీ" అన్నాను.

"బాగుండాను సార్. చప్పుడు మీ ఇంట్లోనుంచే వచ్చిందంటాండారు. ఈడ పాతర ఉందంట గదా. ఏముంది సార్ దాంట్లో?"

నేను నమ్ముకున్న మాటనే మళ్లీ వాడాను. "అరిష్టం."

ఆమె ఒక అడుగు వెనక్కు వేసింది. వెంట వచ్చిన కానిస్టేబుల్ రెండడుగులు వేశాడు. "అరిష్టమని మీకు ముందే తెలుసా సార్? తెలిసీ స్టేషనుకు చెప్పకపోతే ఎట్లా?"

"ఆ అరిష్టం కాదమ్మా. ఇది మందు."

'మందు' అన్న మాటకు మన భాషలో మూడర్థాలున్నాయి: వైద్యుడు ఇచ్చేది, దుకాణంలో అమ్మేది, బాంబులో కూరేది. నేను మొదటిదాన్ని ఉద్దేశించాను. కానిస్టేబుల్ మూడోదాన్ని రాసుకున్నాడు. ఎస్సై కళ్లు చిన్నవి చేసి, "ఏ మందు సార్?" అని అడిగింది. ఒక మాటలోంచి తప్పించుకోవడానికి ఇంకో మాటలో దూరినవాడికి బయటికి దారి ఉండదని ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను ఎవరికీ బోధించలేదు.

కానిస్టేబుల్ నాపరాయి జరిపి లాంతరు దించాడు. అది నడుము లోతుకు పోయేలోగా ఆరిపోయింది.

"మేడం, గ్యాసు" అన్నాడు వెనక్కు జరుగుతూ.

అదే క్షణంలో కింద ఇంకొకటి పేలింది. వసారాలో ఉన్నవారందరమూ నేలకు సాష్టాంగపడ్డాము. నేను, గిరీష్, కానిస్టేబుల్, ఎస్సై నందిని, అందరమూ మా తాతగారి పాతరకు ఒక్కసారి దండం పెట్టినట్టయింది. నిలబడి ఉన్నవాడు ఒక్కడే. వీధి వాకిట్లోంచి అప్పుడే అడుగుపెడుతున్న అలీ అహ్మద్, రెండు చేతులకూ తడి గోనెసంచులు చుట్టుకుని, మెడలో ఇంకొకటి వేసుకుని.

"లెయ్యండి మేడం. అది బాంబు గాదు, బుడ్డి. పగిలేది సోడా బుడ్డయినా, ఇంకో బుడ్డయినా చప్పుడొకటే. ముప్పై ఏండ్లుగా వింటాండా. దీపం ఆర్పింది గూడా ఆ బుడ్లలో గ్యాసే."

ఎస్సై లేచి దుమ్ము దులుపుకుంది. "అయితే తీసి చూపించు."

అలీ అహ్మద్ మా గొడుగును తాడుకు కట్టి, పాతరలో పైకీ కిందికీ అరగంటసేపు ఆడించి చెడుగాలిని తోడాడు. దీపం మళ్లీ దించాడు, ఈసారి వెలిగింది. కవచధారియై తాను దిగి, తడి గోనె కప్పిన బుట్టను పైకి పంపాడు. ఎస్సై అందులోంచి ఒక సీసాను మెడ పట్టుకుని ఎత్తింది.

"సార్, ఇది బీరు బుడ్డి."

"బుడ్డి అదేనమ్మా" అన్నాను.

గిరీష్ ముందుకు వచ్చాడు. "మేడం, మా అన్నకు ఏం సంబంధం లేదు. తప్పంతా నాదే. అది—"

"వాడికేం తెలుసమ్మా." అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. తడి మడిచీర, నుదుట తిరుచూర్ణం. "అది అరిష్టం. మా పెద్దోడు చెప్పింది నిజమే. వీళ్లు బెల్లం ఏసేది మర్చిపోయినారు. నేనే ఏసినా."

గిరీష్ ఆమె వైపు తిరిగాడు. "బెల్లమా?"

"బెల్లం లేని అరిష్టం యాడన్నా ఉంటాదా? మూతల మిషనుకని మీరు పోతిరి. నేను ఒక్కో బుడ్డిలో ఇంత ఏస్తా వచ్చినా." బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపించింది. "చేతికి ఎంతొస్తే అంత. ఒకదాంట్లో రవంత, ఒకదాంట్లో కాస్త ఎక్కువ. సగంపైన అయినాక కుండలో బెల్లమైపాయ. అంతలో ఆటో చప్పుడాయ."

గిరీష్ మెల్లగా నాపరాయి అంచు మీద కూర్చున్నాడు. అలీ అహ్మద్ పాతరలోంచి తల పైకెత్తి, "అదీ సంగతి" అన్నాడు.

ఎస్సై సీసాను కాసేపు ఎండకు పట్టి చూసింది. "అవ్వా, నువ్వు తాగుతావా దీన్ని?"

అమ్మ నన్ను అడిగింది: "ఏకాదశి నిన్ననే అయిపాయ గదా?"

"అయిపోయింది. ఈరోజు ద్వాదశి."

"అయితే పొయ్యి."

అలీ అహ్మద్ ముఖం పక్కకు తిప్పుకుని మూత తీశాడు. మొదటి నురగ దూలానికి తగిలింది. మిగిలినదాన్ని శ్రీలేఖ అమ్మ వెండి గ్లాసులో పోసింది. అమ్మ గ్లాసును పెదవులకు తాకనీయకుండా, తలపైకెత్తి, జానెడు ఎత్తునుంచి నల్లటి ధారను నోట్లో పోసుకుంది. ప్రతి ఉదయం తీర్థమూ ఆమె అలాగే పుచ్చుకుంటుంది. గ్లాసు ఖాళీ అయింది. ఆమె కళ్లు మూసుకుంది. నేను ఆమె పడిపోతే పట్టుకోవడానికి చేతులు చాచి, మడి గుర్తొచ్చి వెనక్కు తీసుకున్నాను.

"ఊరలేదు" అంది.

ఎస్సై, "ఏందవ్వా?" అంది.

"ఇంగా ఊరలేదమ్మా. చేదు పైన తేల్తాంది, తీపి అడుగున్నే ఉంది. రెండూ ఒకటి కాలేదు. ఇంగా మూడు వారాలు పట్టాది. కదిలించాకండి."

గిరీష్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో అతడి పనిమీద ఇంట్లోవారు చెప్పిన మొదటి అభిప్రాయం అది.

ఎస్సై నందిని బుట్టను, అమ్మను, చివరికి నన్ను చూసింది. జీపు దాకా నేను సాగనంపాను. ఎక్కబోతూ, గొంతు తగ్గించి చెప్పింది: "సార్, బుడ్డి పగిలిందని రాసుకుంటాను. పోలింగు అయ్యేవరకు మీ అరిష్టాన్ని చప్పుడు చెయ్యకుండా చూసుకోండి. ఇంకోసారి మోగిందంటే వచ్చేది నేను గాదు, కడప బాంబు స్క్వాడోళ్లు."

*

ఆ మధ్యాహ్నం మిగిలిన సీసాలన్నీ వసారాలోకి వచ్చాయి. పేలినవి నాలుగు, వాటి దెబ్బకు పక్కన పగిలినవి మూడు, తాగినది ఒకటి, మిగిలినవి యాభై రెండు. ఒక్కొక్క మూతను రవంత ఎత్తి, బుసకొట్టనిచ్చి, మళ్లీ బిగించాలి. అలీ అహ్మద్ దాన్ని బుడ్డికి ఊపిరి తీయడం అంటాడు. అమ్మ తన పీట మీద కూర్చుని చూస్తోంది. ఇరవయ్యో మూత దగ్గర అడిగింది.

"గిరీ. నిజం చెప్పు. ఏంది ఇది?"

గిరీష్ చేతిలో సీసా బుసకొడుతోంది. అది ఆగేదాకా ఆగి, "బీరుమా" అన్నాడు.

అలీ అహ్మద్ యంత్రం పిడిని ఎత్తినచోటే పట్టుకున్నాడు. వంటింట్లో మిక్సీ ఆగింది.

"తొమ్మిదేండ్లూ ఇదేనా చేస్తాంటివి?"

"ఇదేమా."

"మాల్టు అంటివే."

"మాల్టుతోనే చేస్తారుమా."

అమ్మ విసనకర్రను ఒడిలో పెట్టుకుని, దాని అంచు కుట్టును వేలితో తడిమింది. తరువాత, "ఇంగెన్ని బుడ్లున్నాయి?" అని అడిగింది.

"ముప్పై రెండు."

"కానియ్యండి అయితే. ఎండ ఈ పక్కకు తిరుగుతాంది, కాగిపోతాయి."

ఆమె లేచి, స్నానానికి నీళ్లు తోడమని శ్రీలేఖకు చెప్పింది. నన్ను దాటుతూ ఆగింది. "వాడు దాచినాడు, భయపడి. నువ్వు నాకాడ చదువు చూపిస్తివి" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా ఉద్యోగ జీవితంలో నన్ను ఇంత క్లుప్తంగా విమర్శించినవారు లేరు.

మరునాటి నుంచి పాతర ఆమె అధీనంలోకి పోయింది. ఉదయం పూజ ముగించి, దీపం దించి, దాని వెనుకనే ఉష్ణమాపకం దించి, "ఇరవై ఏడు" అని వంటింట్లోకి వినిపించేలా చెప్పేది. గిరీష్ రాసుకునేవాడు. పోలింగు జరిగింది. ఊరు నిశ్శబ్దమైంది. ఒక్క సీసా పగలలేదు.

*

నలభై ఐదో రోజు గిరీష్ ఆరు సీసాలను నా పాత ప్రశ్నపత్రాల్లో చుట్టుకుని బెంగుళూరు బస్సు ఎక్కాడు. మరునాటి సాయంత్రం తిరిగి వచ్చాడు. వసారా గట్టు మీద కూర్చుని, చెప్పులు విడిచి, నీళ్లు అడిగాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఆరు సీసాలు, ఆరు బీర్లు అన్నాడు. ఒకటి చప్పగుందంట. ఒకటి దగ్గు టానిక్ అంట. ఒకటి మూత తీస్తానే ఆయన చొక్కా మీదికి పోయింది." నీళ్లు తాగాడు. "వరసలో మూడోది మాత్రం మొత్తం తాగినాడన్నా. గ్లాసు అడుగున ఉండేది గూడా. పక్క రూములోనుంచి ఇద్దర్ని పిలిచి వాసన చూపించినాడు. 'నా సర్వీసులో ఇట్లాంటిది తాగలేదు. దీని మాదిరి ఆరూ ఒకటిగా ఉండేవి తీసుకొనిరా, పని నీది. ఆగస్టు దాకా ఎవర్నీ పెట్టుకోను' అన్నాడు."

"మంచిదే గదా" అంది శ్రీలేఖ.

"ఏం మంచిది వదినా. మూడోదాంట్లో ఎంత బెల్లం పడిందో ఎవరికి తెలుసు?"

అందరమూ అమ్మ వైపు చూశాము. ఆమె తన కుడిచేతి వేళ్లను తానే చూసుకుంది. "నాకు మాత్రం ఏం తెలుసురా. చేతికి ఎంతొస్తే అంత."

గిరీష్ నవ్వడానికి ప్రయత్నించాడు. "పోనీలేమా. బడి పన్నెండో తేదీ తెరుస్తారు గదన్నా? పోతాలే."

నేను సరేనన్నాను. తనకే ఇష్టం లేని ఉద్యోగానికి తమ్ముడు తాను కోరినట్టే ఒప్పుకున్నప్పుడు మనిషికి ఎంత సిగ్గుగా ఉంటుందో నాకు ఆ సాయంత్రం తెలిసింది.

మరునాడు ఉదయం పదిగంటలకు అమ్మ పట్టుచీర కట్టుకుని, శ్రీలేఖను వెంటబెట్టుకుని, ఆటోలో బంగారు అంగళ్ల వీధికి వెళ్లింది. మా నాన్న పోయాక ఆమె ఆ వీధికి వెళ్లడం అదే మొదలు. తరువాతి కథ శ్రీలేఖ చెప్పినది. అంగడివాడు లేచి నిలబడి, చల్లటి మజ్జిగ తెప్పించి, ఎర్రటి మఖమలు పరిచి గాజుల పెట్టెలు తెరిచాడట. అమ్మ వాటిని మూయమంది.

"నగలు నాకెందుకప్పా. మీరు తూకమేసే మిషను చిన్నది ఒకటి ఇప్పియ్యి. రవ్వంత గూడా తప్పు చూపించగూడదు."

"అట్లనేమా. ఇంట్లో ఏం తూయల్ల, పాత బంగారమా?"

"బెల్లం."

పదకొండున్నరకు ఆమె వసారాలో పీట వేసుకుని కూర్చుంది. ముందు అరచేయంత తూకం యంత్రం, దాని పక్కన దంచిన బెల్లం కుండ, ఎదురుగా పుస్తకంతో గిరీష్. కబురు విని అలీ అహ్మద్ కూడా వచ్చి గుంజకు ఆనుకున్నాడు. అమ్మ కళ్లు మూసుకుని, కుండలో చేయి పెట్టి, ఏప్రిల్‌లో ఏ చేతితో వేసిందో అదే చేతితో, ఆలోచించకుండా ఒక చిటికెడు తీసి యంత్రం మీద పెట్టింది.

"ఎంత?"

"రెండు పాయింట్ పది గ్రాములు."

"రాసుకో." ఇంకో చిటికెడు.

"మూడూ నలభై."

"రాసుకో. ఈ మాదిరి పన్నెండు సార్లు తీస్తా. ఒక్కో కొలతకు ఐదు బుడ్లు, ఒక్కో రంగు దారం కట్టు మెడకు. ఆ పన్నెండిట్లో నీ మూడోది ఒకటయ్యుంటాది. నా చెయ్యి యాడికి పోతాది?"

గిరీష్ తల వంచుకుని రాస్తున్నాడు. అతడి కలం ఒకచోట ఆగి, మళ్లీ నడిచింది. నేను లేచి వీధి గదిలోకి వెళ్లి, బడి కరస్పాండెంటుకు ఫోను చేసి, మా తమ్ముడు చేరలేడని చెప్పాను. కారణం అడిగాడు. "ఇంట్లో పని ఉంది" అన్నాను. అది ఏ నిఘంటువూ చూడనవసరం లేని వాక్యం.

తిరిగి వచ్చేసరికి మూడో కొలత దగ్గర అందరూ ఆగిపోయి ఉన్నారు. యంత్రం మీద అంకె నిలవడం లేదు, ఎక్కుతోంది, దిగుతోంది. అమ్మ దాని మీదినుంచి చూపు తిప్పకుండా అంది:

"కౌండిన్యా, ఫ్యాను ఆపు. గాలికి తూకం ఊగుతాంది."

మే ఆఖరి వారం, ప్రొద్దుటూరు, పగలు పన్నెండు గంటలు. నేను ఫ్యాను ఆపాను. చెమటలు కారుతుండగా మేము ఐదుగురమూ కదలకుండా, ఆ అంకె నిలబడేదాకా చూస్తూ కూర్చున్నాము.